పాత చదరంగ యంత్రానికి పరీక్ష: ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు

(విజయవాడలో చదరంగం ఆడేవాళ్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. ముందే ఒక మాట. మన పిల్లలు కోచింగ్‌లో క్వీన్, రూక్, బిషప్ అంటారు. నేను మాత్రం మంత్రి, ఏనుగు, శకటు అనే అంటాను. గడుల పేర్లు మామూలే, ఇ5, హెచ్7 అని. రాసుకోవాల్సినవి ఉన్నాయి కాబట్టి పెన్ను, కాగితం దగ్గర పెట్టుకోండి.

బల్ల మీదున్న ఈ పెట్టెలు చదరంగం ఆడే పాత కంప్యూటర్లు, అది తప్ప ఇంకే పనీ చెయ్యవు. మన గ్రాండ్‌మాస్టర్లలో గుంటూరు హరికృష్ణ పుట్టింది 1986లో, హంపి 1987లో. సుమారు ఆ రోజుల సరుకే ఇది. ఇది నోవాగ్ సూపర్ కాన్‌స్టలేషన్, 1984 నాటిది. లోపల 6502 ప్రాసెసర్, వేగం 4 మెగాహెర్ట్జ్, ర్యామ్ 4 కిలోబైట్లు. మీరు వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ బొమ్మ ఇందులో పట్టదు. (నవ్వులు) పక్కనున్నది మెఫిస్టో ఆమ్‌స్టర్‌డామ్. ప్రోగ్రామ్ రాసింది రిచర్డ్ లాంగ్, లోపల 68000 ప్రాసెసర్, 12 మెగాహెర్ట్జ్. 1985లో మైక్రోకంప్యూటర్ల ప్రపంచ పోటీ ఆమ్‌స్టర్‌డామ్‌లో గెలిచింది కాబట్టి ఆ ఊరి పేరే పెట్టారు. తర్వాత డాలస్, రోమ్, అల్మేరియా అని వచ్చిన పేర్లన్నీ అలా గెలిచిన ఊళ్లవే.

వీటికి పరీక్ష పెట్టడమంటే చాలామంది చేసేది ఒకటే. పేరున్న ఒక పొజిషన్, అంటే పావుల అమరిక, బోర్డు మీద పేరుస్తారు, స్టాప్‌వాచ్ నొక్కుతారు, సరైన ఎత్తు రాగానే ఆపి '42 సెకన్లు' అని రాసుకుంటారు. ఆ అంకెకు అర్థం లేదని నా వాదన. యంత్రం ఆ ఎత్తు ఎందుకు వేసిందో తెలియనప్పుడు మీరు కొలిచింది దాని తెలివో, దాని అదృష్టమో చెప్పలేరు. ఎత్తుతో పాటు అది చూపించే స్కోరు, అంటే ఎవరిది ఎంత పైచెయ్యో చెప్పే అంకె, ఆ తర్వాత రాబోతాయని అనుకున్న ఎత్తుల వరస, ఈ మూడూ కలిస్తేనే ఒక ఫలితం.

పరీక్షకు ముందు కరెంటు సంగతి చూద్దాం. పెట్టె అడుగున రాసినది చదవండి. ఎన్ని ఓల్టులు, ఏసీనా డీసీనా, డీసీ అయితే పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా అన్నీ చూడాలి. రెండు పెట్టెలకు ఒకే సైజు పిన్ను ఉండి, పోలారిటీ మాత్రం తిరగబడి ఉండొచ్చు. అమెరికా నుంచి వచ్చిన అడాప్టర్ 120 ఓల్టులది. దాన్ని మన 230లో పెడితే ముందు అడాప్టరే మాడుతుంది, అదృష్టం బాగుంటే పెట్టె మిగులుతుంది. పాతకాలపు బరువైన ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ మీద 9 ఓల్టులని ఉన్నా, లోడ్ లేనప్పుడు మీటర్ పెడితే అంతకంటే బాగా ఎక్కువే చూపిస్తుంది. రెగ్యులేటెడ్ అడాప్టర్ కొనుక్కోవడం మేలు. సెల్స్ కారి స్ప్రింగుల మీద తెల్లగానో పచ్చగానో పేరుకుంటే, ఆల్కలైన్ సెల్స్ మరకే అయితే దూది పుల్లను వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో ముంచి తుడవండి. పైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనివ్వండి.

ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో కొన్ని పెట్టెలు రీసెట్ అయిపోతాయి. రెండు గంటల ఆలోచన గంగపాలు. పెట్టెలో సెల్స్ కూడా వేసి ఉంచండి, లేదంటే యూపీఎస్ మీద నడపండి. ఇక మే నెల మధ్యాహ్నం కిటికీ పక్కన పెట్టారంటే ఎల్‌సీడీ తెర మొత్తం నల్లబడుతుంది. పాడైపోయిందని విప్పకండి, చల్లబడితే దానంతటదే మామూలవుతుంది. అంకె కనపడకపోతే పరీక్ష లేదు కాబట్టి ఆ పని రాత్రి పెట్టుకోండి.

ఇప్పుడు సెట్టింగులు. ఓపెనింగ్ బుక్, అంటే ఆట మొదట్లో వెయ్యడానికి ముందే దాచి ఉంచిన ఎత్తులు, ఆపాలి. మీరు ఆలోచించే టైములో కూడా అది ఆలోచించే సదుపాయం ఉంటుంది, అదీ ఆపాలి. రకరకాలుగా ఆడే ర్యాండమ్ సెట్టింగ్ ఉంటే తీసెయ్యాలి. లెవెల్ ఇన్ఫినిట్‌లో పెట్టండి, అంటే ఆపమనే దాకా ఆలోచిస్తూనే ఉంటుంది. ఎంతసేపు ఇవ్వాలంటే నేను 3 నిమిషాలు ఇస్తాను. 2 గంటల్లో 40 ఎత్తులనే టోర్నమెంట్ లెక్కలో ఎత్తుకు వచ్చేది అంతే. కష్టమైన పొజిషన్‌కు రాత్రంతా వదిలెయ్యొచ్చు కానీ, దాన్ని వేరే కాలమ్‌లో రాయండి.

రెండోసారి పరీక్షించేటప్పుడు పొజిషన్ మొత్తం చెరిపి మళ్లీ పేర్చండి. లెక్కలు దాచుకునే హ్యాష్ టేబుల్ ఉన్న యంత్రాలు మొదటిసారి లెక్క గుర్తుపెట్టుకుంటాయి. ఒక ఎత్తు వెనక్కి తీసి మళ్లీ అడిగితే చప్పున చెప్పేస్తాయి. అది కాపీ కొట్టడం.

పొజిషన్ పేర్చడంలో పోయే టైము, జరిగే తప్పులు ఆలోచనలో కన్నా ఎక్కువ. నొక్కుడు బోర్డయితే గడి అంచున కాదు, నడిమధ్య నొక్కాలి. ఏళ్లు గడిచాక కొన్ని గడులు మొరాయిస్తాయి. అయస్కాంతం పావులున్న బోర్డులో పావును జరిపితే దారిలోని గడి కూడా స్విచ్ అందుకుంటుంది, అందుకే ఎత్తి పెట్టాలి. పేర్చాక వెరిఫై బటన్ ఉంటే అన్ని గడులూ చూపించమనండి, తెల్లవి ఎన్ని, నల్లవి ఎన్ని లెక్కపెట్టండి. ఆఖర్న ఎవరి ఎత్తో చెప్పాలి. ఇదే అందరూ మరిచేది.

ఆ మరుపును పట్టుకోవడానికి మొదటి పొజిషన్. రాసుకోండి. తెల్లవి: రాజు సి1, మంత్రి ఇ3, ఏనుగు ఎఫ్7, శకట్లు సి4, ఎఫ్2, బంట్లు ఏ2, బి2, సి2. నల్లవి: రాజు బి8, మంత్రి డి6, ఏనుగు డి8, శకటు డి7, బంట్లు ఏ7, బి7, ఇ5, జి6, హెచ్6. తెలుపు ఎనిమిది, నలుపు తొమ్మిది. నల్లవాళ్ల ఎత్తు. కంప్యూటర్ శాస్త్రవేత్తలు ఇవాన్ బ్రాట్కో, డానీ కోపెక్ 1982లో తయారుచేసిన 24 పొజిషన్ల పరీక్షలో ఇది మొదటిది. జవాబు మంత్రి డి1కి దూకి చెక్. రాజు కొట్టక తప్పదు. డి7 శకటు జి4కి పక్కకు జరిగితే ఏనుగు చెక్, శకటు చెక్, రెండూ ఒకేసారి. రాజు సి1కి పోయినా ఇ1కి పోయినా ఏనుగు డి1లో మేట్. మూడు ఎత్తుల మేట్, అంటే రెండు పక్కలా కలిపి ఐదు ఎత్తులు. ఈ ఒక్కో ఎత్తునే ప్లై అంటారు. ఇది బలం కొలవడానికి కాదు. ఎనభైల మధ్యలో వచ్చిన పెట్టె ఇది చెప్పకపోతే దానికి తెలివి లేదని కాదు, మీరు ఎక్కడో తప్పు పేర్చారని. తెల్లవాళ్ల ఎత్తని వదిలేస్తే ఎఫ్7 ఏనుగు డి7 శకటును కొట్టుకుపోతుంది. అలా కనిపిస్తే కంగారు పడకుండా రంగు మార్చండి.

ఇక అసలు సరుకు. 1912లో లండన్‌లో ఎడ్వర్డ్ లాస్కర్, జార్జ్ థామస్ ఆడిన ఆట. తెల్లవి: రాజు ఇ1, మంత్రి హెచ్5, ఏనుగులు ఏ1, హెచ్1, శకటు డి3, గుర్రాలు ఇ4, ఇ5, బంట్లు ఏ2, బి2, సి2, డి4, ఎఫ్2, జి2, హెచ్2. నల్లవి: రాజు జి8, మంత్రి ఇ7, ఏనుగులు ఏ8, ఎఫ్8, శకట్లు బి7, ఎఫ్6, గుర్రం బి8, బంట్లు ఏ7, బి6, సి7, డి7, ఇ6, జి7, హెచ్7. అటు పద్నాలుగు, ఇటు పద్నాలుగు. తెల్లవాళ్ల ఎత్తు.

లాస్కర్ మంత్రితో హెచ్7 బంటును కొట్టి చెక్ చెప్పాడు. రాజు కొట్టాలి, ఇంకో దారి లేదు. ఇ4 గుర్రం ఎఫ్6 శకటును కొడితే గుర్రం, డి3 శకటు కలిసి జంట చెక్. రాజు హెచ్8కి పోతే రెండో గుర్రం జి6లో మేట్, కాబట్టి హెచ్6కి వస్తాడు. ఇ5 గుర్రం జి4కి వచ్చి చెక్, రాజు జి5. ఇక్కడ లాస్కర్ హెచ్4 ఆడి, నల్లరాజును జి1 దాకా ఈడ్చుకొచ్చి, బలి మొదలుపెట్టిన దగ్గర్నించి ఎనిమిదో ఎత్తున మేట్ చేశాడు. ఆఖరి ఎత్తు తన రాజుతోనే.

యంత్రం ఇక్కడ ఏం చేస్తుందో దగ్గరగా చూడండి. ఈ పెట్టెలు సెకనుకు పరిశీలించేవి కొన్ని వందల నుంచి కొన్ని వేల పొజిషన్లే. ఒక్కో ఎత్తుకు ముప్పై నలభై దారులు. అన్నిటినీ గుడ్డిగా వెతికితే పదమూడు పద్నాలుగు ప్లైల లోతుకు ఏడాది పట్టినా చేరవు. లోతు తక్కువగా ఉన్నంతసేపూ దానికి కనిపించేది మంత్రి పోయింది, ఒక బంటు, ఒక శకటు వచ్చాయన్నదే. అందుకే గుర్రంతో ఎఫ్6 కొట్టడం లాంటి మామూలు ఎత్తే పైన కూర్చుంటుంది. అయితే ఈ వరసలో తెల్లవాళ్ల ప్రతి ఎత్తూ చెక్కే. నల్లవాళ్లకు ఒకటి రెండుకు మించి జవాబుల్లేవు. చెక్ వచ్చిన చోట లోతు లెక్కలో కోత పెట్టకుండా ఇంకా ముందుకు చూసే ప్రోగ్రామ్‌కు ఈ చెట్టు చాలా సన్నది. అలా చూడనిదానికి అడవి. ఈ పొజిషన్ కొలిచేది ప్రాసెసర్ వేగం కన్నా ఈ తేడానే.

ఇందులో రెండు ఉచ్చులున్నాయి. జి5 దగ్గర మీ యంత్రం హెచ్4 బదులు బంటు ఎఫ్4 అని చూపించొచ్చు. తప్పని కొట్టెయ్యకండి, అదే దగ్గరి దారి. రాజు హెచ్4కి పోతే బంటు జి3 చెక్, రాజు హెచ్3, శకటు ఎఫ్1 చెక్, నల్ల శకటు జి2లో అడ్డం, గుర్రం ఎఫ్2 మేట్. మొత్తం ఏడు ఎత్తులు. లాస్కర్ కంటే ఒకటి తక్కువ. రాజు ఎఫ్4 బంటునే కొడితే బంటు జి3 చెక్, రాజు ఎఫ్3, అప్పుడు తెల్లరాజు హెచ్1 ఏనుగు వైపు కోట కడితే మేట్. అంటే కోట కట్టే హక్కు పొజిషన్‌లో ఉండాలి. రాజు, ఏనుగు సొంత గడుల్లో ఉంటే హక్కు ఉన్నట్టే కొన్ని యంత్రాలు లెక్కేస్తాయి, కొన్నిటికి విడిగా చెప్పాలి. చెప్పకపోతే దగ్గరి దారిలో ఒక కొమ్మ విరిగిపోతుంది, మీ టైము వేరే పొజిషన్‌కు కొలిచినట్టవుతుంది.

రెండో ఉచ్చు మేట్ లెవెల్. 'ఇన్ని ఎత్తుల్లో మేట్ కనుక్కో' అనే లెవెల్ ఉంటుంది కదా, అందులో పెట్టి తేల్చేద్దామనిపిస్తుంది. ఆ లెవెల్ సాధారణంగా ఏ కొమ్మనూ వదలకుండా గుడ్డిగా వెతుకుతుంది. రెండు మూడెత్తుల సమస్యలకు అది బంగారం. ఏడెత్తులకు తెల్లారిపోతుంది. మామూలు లెవెల్లోనే పరీక్షించండి.

ఇప్పుడు నా వాదనకు మూలమైన పొజిషన్. 1956, న్యూయార్క్. డొనాల్డ్ బర్న్ తెలుపు, పదమూడేళ్ల బాబీ ఫిషర్ నలుపు. తెల్లవి: రాజు ఎఫ్1, మంత్రి ఏ3, ఏనుగులు డి1, హెచ్1, శకట్లు సి4, సి5, గుర్రం ఎఫ్3, బంట్లు ఏ2, డి4, ఎఫ్2, జి2, హెచ్2. నల్లవి: రాజు జి8, మంత్రి బి6, ఏనుగులు ఏ8, ఇ8, శకట్లు జి4, జి7, గుర్రం సి3, బంట్లు ఏ7, బి7, సి6, ఎఫ్7, జి6, హెచ్7. తెలుపు పన్నెండు, నలుపు పదమూడు. నల్లవాళ్ల ఎత్తు, పదిహేడోది. మంత్రి మీద దెబ్బ ఉంది, గుర్రం మీదా ఉంది. ఫిషర్ మంత్రిని అలాగే వదిలేసి జి4 శకటును ఇ6కి తెచ్చాడు.

సి5 శకటు మంత్రిని కొట్టింది. ఇ6 శకటు సి4 శకటును కొట్టి చెక్, రాజు జి1. ఇక్కడే బి6 శకటును బంటుతో తిరిగి కొట్టేస్తే ఏమవుతుంది? తెల్ల మంత్రి సి3 గుర్రాన్ని తినేస్తుంది, అంతా అయిపోతుంది. నిజానికి గుర్రానికి జి7 శకటు కాపలా ఉండాల్సింది, డి4 బంటు దారికి అడ్డం ఉంది. అందుకే ఫిషర్ గుర్రంతో ఇ2లో చెక్ చెప్పి, రాజు ఎఫ్1కి రాగానే డి4 బంటును కొడుతూ సి4 శకటుతో చెక్ తెరిచాడు, మళ్లీ ఇ2, మళ్లీ సి3. గిరగిరా తిరిగి వచ్చి అదే గడిలో కూర్చుంది గుర్రం, కానీ ఇప్పుడు దారిలో బంటు లేదు. అప్పుడు బి6లో కొట్టాడు. ఏ8 ఏనుగు మంత్రి మీద, గుర్రం డి1 ఏనుగు మీద, గుర్రానికి వెనక శకటు కాపు. శకటు ఇ6 నుంచి ఇక్కడికి పదమూడు ప్లైలు. తెలుపు మంత్రిని వదిలి ఇ6 శకటునే కొడితే వేరే కథ. మంత్రి బి5 చెక్, గుర్రం ఇ2 చెక్, గుర్రం జి3 జంట చెక్, మంత్రి ఎఫ్1 బలి, ఏనుగు కొట్టాక గుర్రం ఇ2లో ఉక్కిరిబిక్కిరి మేట్.

మరి పాత యంత్రం శకటు ఇ6 చెబితే పాసైనట్టా? కాకపోవచ్చు. అక్కడ ఇంకో దారిగా కనిపించేది గుర్రాన్ని బి5కి తీసి మంత్రిని బెదిరించడం. దానికి శకటు ఎఫ్7 కొట్టి చెక్ అనే దెబ్బ ఉంది. ఆ దెబ్బ కనిపించిన యంత్రం 'ఎటూ నష్టమే, ఇదైతే కాస్త తక్కువ నష్టం' అని శకటు ఇ6 వేసెయ్యగలదు. ఎత్తు ఫిషర్‌దే, ఆలోచన కాదు. స్కోరు చూడండి. తనకు నష్టమని చూపిస్తూ ఆ ఎత్తు వేస్తే సున్నా మార్కులు. స్కోరు నల్లవాళ్ల వైపు తిరిగి, వరసలో గుర్రం డి4 కొట్టడం కనిపించిన క్షణమే మీరు రాసుకోవాల్సిన టైము. జాగ్రత్త, కొన్ని యంత్రాల్లో ప్లస్ అంటే తనకు లాభం, కొన్నిటిలో తెల్లవాళ్లకు లాభం. తేలిగ్గా గెలిచే పొజిషన్ ఒకటి నల్లవాళ్ల వైపు పెట్టి గుర్తు ఎటు చూపిస్తోందో ముందే తేల్చుకోండి.

సూపర్ కాన్‌స్టలేషన్ విషయంలో ఇది మరీ ముఖ్యం. లెక్క పూర్తిగా తేలకుండానే పావును బలి ఇచ్చే బుద్ధి దానిదని ముందునుంచీ పేరు. ఆటలో అది అందం, పరీక్షలో తలనొప్పి.

ఇంకొక్క పొజిషన్, చిన్నది. సావెద్రా పొజిషన్ అంటారు, 1895 నాటిది, గ్లాస్గోలో పుట్టింది. మొదటినుంచీ పెడితే బంటు సి7 తప్ప వేరే ఎత్తే తోచదు, ఏ యంత్రమైనా వేస్తుంది, అది పరీక్షే కాదు. చివర్నించి పెట్టండి. తెల్లరాజు సి2, బంటు సి7. నల్లరాజు ఏ1, ఏనుగు డి4. తెల్లవాళ్ల ఎత్తు. బంటును మంత్రిగా మారిస్తే ఏనుగు సి4లో చెక్, మంత్రి కొట్టక తప్పదు, నల్లరాజుకు ఎత్తు లేదు, స్టేల్‌మేట్, అంటే డ్రా. ఏనుగుగా మారిస్తే గెలుపు. ఏ8లో మేట్ బెదిరింపు, నల్ల ఏనుగు ఏ4 తప్పదు, రాజు బి3కి వచ్చి ఒకేసారి ఏనుగు మీదా, సి1 మేట్ మీదా కన్నేస్తాడు.

యంత్రాలు ఇక్కడ ఎందుకు బోల్తా పడతాయంటే, లోతు అయిపోయాక అవి కొట్టే ఎత్తుల్నే చూస్తాయి. మంత్రి సి4 ఏనుగును కొట్టింది, ఇక కొట్టేవి లేవు, తొమ్మిది పాయింట్ల లాభం అని అక్కడ ఆగిపోతాయి. ఎదుటివాడికి ఎత్తే లేదని తెలియాలంటే ఆ చివర ఇంకో ప్లై పూర్తిగా వెతకాలి. కొన్ని పాత పెట్టెలు అసలు మంత్రిగా తప్ప ఇంకోలా మార్చవు. వాటిని రాత్రంతా ఉంచినా ఒకటే, తెల్లారేసరికి మీ కరెంటు బిల్లు తప్ప ఏమీ పెరగదు. (నవ్వులు) ముందు మామూలు ఆటలో మీరే ఒక బంటును గుర్రంగా మార్చి, అది ఒప్పుకుంటుందో లేదో చూడండి. ఒప్పుకున్నా తను ఆడేటప్పుడు వెతుకుతుందని హామీ లేదు.

నోటు పుస్తకంలో గీతలు గీసుకోండి. యంత్రం పేరు, ప్రాసెసర్ వేగం, లెవెల్, పొజిషన్, టైము, స్కోరు, వరసలో మొదటి నాలుగెత్తులు. ఎత్తు వచ్చి మళ్లీ మారిపోతే ఆ టైమూ రాయండి. చివరగా వచ్చి నిలబడ్డ టైమే లెక్క. వేగం ఎందుకంటే ఒకే ప్రోగ్రామ్‌ను వేర్వేరు వేగాల్లో అమ్మారు, తర్వాత చేతిపనివాళ్లు ప్రాసెసర్ వేగాన్ని నడిపే క్రిస్టల్ మార్చి వేగం పెంచినవీ తిరుగుతున్నాయి. వేరేవాళ్ల సెకన్లు మీ పెట్టెకు పోల్చే ముందు ఆ గడి చూడాలి.

పెట్టె దొరకనివాళ్లు ల్యాప్‌టాప్‌లో పాత యంత్రాలను అనుకరించే మేమ్ ఎమ్యులేటర్‌తో ఇవే ప్రోగ్రాములు నడపొచ్చు. వేగం నూరు శాతం దగ్గరే ఉంచండి, పెంచితే టైములన్నీ దండగ.

సభలో ప్రశ్న: మా దగ్గరున్నదానికి తెర లేదండి, లైట్లే. స్కోరూ వరసా ఎలా చూడాలి?

అలాంటప్పుడు రెండు పనులు చెయ్యండి. ఎత్తు ఎప్పుడొచ్చిందో తెలియడానికి టైము లెవెల్స్ వాడండి. ఎత్తుకు 10 సెకన్లు, 30, 60, 180. ప్రతిసారీ చెరిపి పేర్చండి. 30లో రాకుండా 60లో వస్తే ఆ మధ్యనని రాయండి, అంతకంటే కచ్చితం మీకు అక్కర్లేదు. ఇక అర్థం చేసుకునే వేసిందా లేదా తెలియాలంటే ఎదుటివాళ్ల ఎత్తు మీరు ఆడి, దాన్ని కొనసాగించమనండి, అదే లెవెల్లో. ఫిషర్ పొజిషన్‌లో మీరు మంత్రిని కొట్టండి, అది సి4లో చెక్ చెబుతుంది, మీరు రాజును జి1కి తీయండి. అక్కడ గుర్రం ఇ2 వెయ్యకుండా బంటుతో బి6 కొట్టిందనుకోండి, శకటు ఇ6 దగ్గర దానికి ఏమీ కనపడలేదన్నమాట. మొదటి ఎత్తుకు టిక్ పెట్టి ఉంటే కొట్టెయ్యండి.

ఇంకో ప్రశ్న: ఎన్నిసార్లు చెయ్యాలి?

ర్యాండమ్ ఆపగలిగితే రెండుసార్లు. రెండూ ఒకటే వస్తే చాలు. ఆపలేకపోతే ఐదుసార్లు చేసి మధ్య టైము తీసుకోండి. సగటు వద్దు, ఒక్క పిచ్చి టైము సగటును పాడుచేస్తుంది. రెండుసార్లూ బాగా తేడా వస్తే మాత్రం యంత్రాన్ని అనేముందు బోర్డు మీది పావుల్ని ఇంకోసారి లెక్కపెట్టండి.